అడుగున ఉన్న కట్ట

నాకు ముక్కు మీద కోపం. ఆ పెద్దాయన మీద అరిచిన సంగతి ఎత్తి మా ఇంట్లో ఇప్పటికీ ఏడిపిస్తారు. ఏడిపించనీ! ఆయన పేరు తలుచుకోకుండా నాకు ఒక్క రోజూ గడవదు.

నల్లపాడులో ఒక అద్దె షెడ్డులో నేనూ, నా కాలేజీ స్నేహితుడూ కలిసి పత్తికట్టెతో నడిచే ఇంజన్ తయారుచేశాం. పత్తి తీశాక రైతులు చేలోనే తగలబెట్టే కట్టె అది. దాన్ని కాల్చగా వచ్చే గ్యాస్‌తో నీళ్ళ మోటారు తిప్పాలని మా ఆశ. హైదరాబాదు నుంచి పెట్టుబడి పెట్టేవాళ్ళు వచ్చారు. కాఫీ తాగారు. "చాలా బాగుంది మేడమ్, కానీ ఇంకా ప్రూవ్ కాలేదు కదా" అని వెళ్ళిపోయారు. ఇక మిగిలింది చిలకలూరిపేటలో పత్తి జిన్నింగ్ మిల్లున్న ఈ పెద్దాయనొక్కరే. ఈయనా కాదంటే నెలాఖరుకి షెడ్డు ఖాళీ చెయ్యాలి, ఇంజన్ని పాత ఇనుముకి వెయ్యాలి.

అందుకే ఆయన చూడ్డానికి వచ్చే రోజున బాగా ఎండిన కట్టె ఏరి, ఇంజన్ పక్కన ముచ్చటగా పేర్చాం. ఆయన దాని వంక కూడా చూడలేదు. పంచె ఎగ్గట్టి, షెడ్డు వెనక వానకు తడిసిన కుప్పలోకి భుజం దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి బురద కారుతున్న కట్ట ఒకటి లాక్కొచ్చారు.

"ఇది వెయ్యండి."

వేశాం. నడుస్తున్న ఇంజన్ కాస్తా ఖళ్ళుఖళ్ళున దగ్గి ఆగిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "తడికట్టె వేస్తే ఏ ఇంజన్ తిరుగుతుందండీ? ఇదేం పరీక్ష!"

"ఏంటమ్మా ఆ కేకలు? మిల్లు పెట్టకముందు గుంటూరు యార్డులో మిరపకాయలు కొన్నోణ్ణి నేను. బస్తా మూతి విప్పి, పైకాయ చూసి కొన్నోడెవడూ బాగుపడలేదు. అడుక్కి చెయ్యి పెట్టి చూడాల్సిందే. వానొస్తే రైతు కట్టెకి గొడుగు పడతాడా?"

కారెక్కి వెళ్ళిపోయారు. "అయిపోయిందే, సర్దుకుందాం పద" అన్నాడు నా స్నేహితుడు.

మర్నాడు ఆయన మిల్లు ట్రాక్టర్ వచ్చి, తడికట్టె దింపింది. "ఇంజన్ తిరిగినప్పుడు ఫోన్ చెయ్యమన్నారండి" అన్నాడు డ్రైవర్. మిగతావాళ్ళు మర్యాదగా కాదన్నారు. అనుమానపడటానికి కూడా ఒళ్ళు వంచింది ఈయనొక్కరే.

తిట్టుకుంటూనే పనిలో పడ్డాం. ఇంజన్ వదిలే వేడిపొగ గొట్టాన్ని కట్టె వేసే డబ్బా చుట్టూ తిప్పాం, లోపలికి జారేలోపే తడి ఆరేటట్టు. ఎన్నిసార్లు ఆగిపోయిందో ఆ దేవుడికే తెలియాలి.

నెలాఖరుకి నేను ఫోన్ చేస్తే ఆయన మళ్ళీ వచ్చారు. గొట్టం వేడెక్కాలని ఇంజన్ని ముందే ఎండుకట్టె మీద నడిపిస్తున్నాం. ఆయన పంచె ఎగ్గట్టబోతుంటే, "మీరాగండి" అని నేనే వెనక్కి వెళ్ళి కుప్పలోకి చెయ్యి దూర్చాను. అన్నిటికన్నా అడుగున నాని నల్లబడిన కట్ట లాక్కొచ్చాను. చున్నీ అంతా బురదే.

"సరే, డబ్బు పెడతాలే" అన్నారాయన.

"ఇంకా వెయ్యనే లేదు కదండీ!"

"తిరగదనుకుంటే ఆ కట్ట నువ్వెందుకు తెస్తావమ్మా?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కట్ట డబ్బాలో పడేశాను. ఇంజన్ ఆగలేదు. ఆయన దాని పక్కనే నిలబడి, చేతిలో టీ చల్లారిపోతున్నా ఆ చప్పుడే వింటూ ఉండిపోయారు.