పటంలో ఖాళీగా ఉన్న చోటికి ఒక పూట ప్రయాణం

మా ఆయన సమాధి మీదుగా రోడ్డు గీత పోతున్నదని తెలిసిన మర్నాడే దిల్‌సుఖ్‌నగర్ నుంచి బయలుదేరాను. ఎల్బీనగర్ దాటాక నాగోల్ వైపు మావాళ్ల పాత సమాధులు మొత్తం ఏడు. అక్కడి కాలనీ బోర్డుకు కంప్యూటర్లో గీసిన కొత్త పటం అంటించారు. నాకు చదువు రాదు. ఆ చోట "ఖాళీ స్థలం" అని రాసి ఉందని మనవరాలు శ్రావణి చదివి చెప్పింది. ఇప్పుడు నేను చెబుతుంటే ఇది రాస్తున్నదీ అదే. ఇలాంటి పని మీద తిరగబోయేవాళ్లకు పనికొస్తుందని చెబుతున్నాను.

ముందు ఎల్బీనగర్‌లో ఆ పటం గీసిన ఆఫీసుకు పోవాలి. మెట్రోలో మూడు స్టేషన్లే, పది నిమిషాలు కూడా పట్టదు. మెట్లంటే నాకు పడదు కాబట్టి తొమ్మిదిన్నరకు ఇరవై రూపాయలకు షేర్ ఆటో ఎక్కాను.

"జర జరుగు అవ్వా, ఇంకొకరు కూసుంటరు," అన్నాడు డ్రైవర్.

"ఒడిల కూసోబెట్టుకోవాల్నా బిడ్డా? నడుపు."

"యాడికవ్వా గింత కోపంగ, దవాఖానకా?"

"దవాఖాన బతికున్నోళ్లకు. నాది సచ్చిపోయినోళ్ల పంచాది. పటాల ఆఫీసు కాడ దింపు."

చైతన్యపురి దగ్గర బండ్లు ఆగిపోయాయి. ఆ ఇరుకులో మా ఆయనే గుర్తుకొచ్చాడు. పెళ్లయిన కొత్తలో సర్వేవాళ్ల వెంట భూమి కొలిచే గొలుసు పట్టేవాడు. అప్పట్లో పటం గీయాలంటే నడవాల్సిందే. ఇద్దరు గొలుసు లాగేవారు, ఒకరు జెండా పాతేవారు. ఊరి పెద్దను పిలిచి "గీ గట్టు ఎవలది?" అని అడిగాకే కాగితం మీద గీత పడేది. పొద్దుగూకాక ఇంటికొస్తే అరికాళ్ల నిండా పల్లేరుకాయలు. నేను ఒక్కొక్కటే తీస్తుంటే ఏ చెలక ఎక్కడ మలుపు తిరిగిందో చెప్పేవాడు. ఇప్పటికీ ఆ వేళకు నా చెవి గుమ్మం వైపే ఉంటుంది.

పదిన్నరకు ఆఫీసు చేరాను. పటం తయారుచేసే అమ్మాయి పేరు సౌజన్య, మాట బెజవాడ వైపుది.

"కాలు కదపకుంట గదిల కూసోని గీస్తరా మీరు?" అని నిలదీశాను.

"కోప్పడకండి మామ్మగారూ, ముందు కూర్చోండి," అంటూ తెర నా వైపు తిప్పింది. మొదట పాత కాగితపు పటాలను కంప్యూటర్లోకి ఎక్కించారట. తర్వాత ఉపగ్రహం పైనుంచి తీసిన ఫొటోల మీద గీశారట. పటంలో ఏముండాలో ఆఫీసువాళ్లే తేల్చేవారట: ఇల్లు, రోడ్డు, కాలువ. "ఇప్పుడలా కాదండీ. పటంలో మీరేం వెతుక్కుంటారని ముందు జనాన్నే అడుగుతున్నాం. మీ చోటుకీ మనిషిని పంపాం. ఇదిగో, ఖాళీ అని అక్కడి ఆవిడే చెప్పినట్టుంది."

ఆ ఆవిడను నేనే.

పోయిన ఎండాకాలం సమాధి చుట్టూ గడ్డి పీకి, రాయికి వీపు ఆనించి కూర్చున్నాను. పలకలాంటి యంత్రంతో ఒకాయన వచ్చి ఇక్కడేముందని అడిగాడు. రాసుకునేవాడు వస్తే పన్ను వేస్తాడనేది మా బస్తీలో భయం. ఇల్లయినా బావి అయినా లేదనే చెబుతాం. "ఏం లేదు నాయినా, ఖాళీ జాగ," అనేశాను. మా ఆయనను నా నోటితో నేనే చెరిపేశాను.

దాచకుండా చెప్పాను. సౌజన్య నవ్వలేదు. "పదండి, చూసొద్దాం," అంది. ఆటో మాట్లాడుకుంటే వంద రూపాయలు, పావుగంట దారి. తుమ్మల మధ్య ఒక్కో రాయి దగ్గరా ఆగి యంత్రంలో చోటు ఎక్కించింది. సమాధికి వాళ్ల దగ్గర గుర్తే లేదట.

"ఏం బొమ్మ పెడితే మీవాళ్లు గుర్తుపడతారు?"

"దీపం. పెద్దలకు పెట్టే పెత్రమాసకు ఈడ దీపమే పెడ్తం."

ఆఖరి రాయి ఆయనది. "పేరు చెప్పండి," అంది. మాలో ఆడమనిషి పెనిమిటి పేరు పలకదు.

"మా పెద్దోని నాయిన అని రాసుకో."

"అలా రాస్తే రేపు ఎవరికి తెలుస్తుంది మామ్మగారూ?"

రాయి మీద చెయ్యి వేసి చెప్పాను. వినపడలేదంది. గట్టిగా చెప్పాను: "యాదయ్య."

పేరు పెట్టి పిలిచాను కదా, పలుకుతాడేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను.

రోడ్డు గీత పక్కకు జరుగుతుందో లేదో ఇంకా తెలియదు. జరపాలని పైవాళ్లకు రాస్తానంది సౌజన్య, మాట మాత్రం ఇవ్వలేదు. గొలుసు రోజుల్లో అడిగి గీశారు, నడుమ అడగడం మానేశారు, ఇప్పుడు మళ్లీ అడుగుతున్నారు. అడిగే పద్ధతి తిరిగొచ్చింది, గొలుసు పట్టినాయన రాడు. మీ వాకిట్లోకి అలాంటి యంత్రంతో ఎవరైనా వస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వెళ్లేముందు ఏం రాసుకున్నారో పైకి చదివి వినిపించమనండి. ఆ ఎండాకాలం నేనది అడగలేదు.