తొండూరు సంతకం

ఎమ్మెల్యేను యాడ పట్టుకోవల్లనో మా వెంకటమ్మక్కకు తెలిసినట్ల ఇంగెవరికీ తెలీదు. ఆఫీసులో కాదు, పెండ్లి బంతిలో. అదీ ఆయప్ప అన్నంలో చెయ్యి పెట్టినాకనే పోవల్ల. ఎంగిలి చేత్తో అర్జీ తీసుకోని పక్కోనికి ఇయ్యలేడు. విస్తరి ముందర నుంచి లేసిపోతే పెండ్లోళ్ళు ఏమనుకుంటారోనని భయం. కూచోని ఇనాల్సిందే.

నేను ఫిర్దోసును. ప్రొద్దుటూరులో ఆమె బజ్జీల బండి పక్కన నాది జాకెట్లు కుట్టే అంగడి. పిలవని పెండ్లిండ్లకు ఆమె ఎంట పోయి శానా ఓళిగలు తిన్నా, అబద్ధమెందుకు.

ఆమెకు ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. గర్భసంచి చెడి రక్తం పోతాంటే ఒక నర్సింగ్‌హోంకు తీసకపోయినా. పేరెందుకులే. "మొగుడు సంతకం పెడితేనే ఆపరేషను" అనిరి. మొగుడా! ఆ మహానుభావుడు ఈమెను ఇడిసిపెట్టి, తొండూరులో ఇంగొకామెతో కాపురం పెట్టి ఎన్నేండ్లాయనో. ఈమె నా బుజం పట్టుకోని, పండ్లు బిగించుకోని, బస్సెక్కి తొండూరు పోయింది. ఆయప్ప అరుగు మింద కూచోని "క్వార్టరు ఇప్పిస్తే వస్తా" అనె. ఇప్పించింది. తాగొచ్చి, తూగుతా సంతకం గీకిపాయె.

ఆపరేషనయినాక, మత్తు దిగీ దిగకముందే వెంకటమ్మక్క ఏడ్చింది. "నా కడుపులో సంచికి వాని సంతకమేందే ఫిర్దోసూ? వాడేమన్నా మోసినాడా?" నాకూ కడుపు మండింది.

అప్పుట్నుంచి, ఈ మొగుని సంతకం తీసేయించమని ఎమ్మెల్యే ఎంట పడేది మొదలుపెట్టింది. జమ్మలమడుగు పెండ్లిలో ఎమ్మెల్యే "పీఏకు చెప్పు పోమ్మా" అంటే, "నీ పీఏ ఇంకా బంతిలో కూచోలేదు సారూ, వాడు లేసి పరిగెత్తుతాడు. నువ్వే ఇను" అనింది. ఎర్రగుంట్లలో ఆయప్ప పప్పు కలుపుకుంటాంటే పట్టుకునింది. పులివెందులలో మాత్రం చెంచాతో ఐస్‌క్రీము తింటాండాడు. చెయ్యి ఎంగిలి కాలేదు. "ఈపొద్దు పని జరగదే" అని నన్ను లాక్కోని వచ్చేసింది.

ఆఖరికి ఆయప్ప కడుపు నిండా అన్నం తినే యోగం లేక, అసెంబ్లీలో ప్రశ్న అడిగె. ఆడమనిషి ఆపరేషనుకు మొగుని సంతకం కావల్నా? మంత్రి జవాబు చెప్పె. అట్లాంటి నిబంధనే లేదంట!

నేను చప్పట్లు కొడితే ఈమె బజ్జీల గంటె ఎత్తింది. "లేదా? లేకుంటే నేను తొండూరు ఎందుకు పోయినానే? లేదని పైవాళ్ళకు తెలిస్తే సరిపాయనా? రక్తం పోయేదానికి తెలియొద్దా?"

మళ్ళా పెండ్లిండ్లు. ఈసారి, లేదనే మాటను గోడకు కొట్టియ్యమని. కొన్నాళ్ళకు ఆస్పత్రుల్లో బోర్డులు పెట్టిరి. 'ఆమె ఆపరేషనుకు ఆమె సంతకం చాలు.' ఈమె బోర్డుకు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టబోతే వాచ్‌మన్ తరుముకునె.

కత ఆడికి అయిపోయింటే బాగుండు. కోడలు దీప్తికి రెండో కాన్పు వచ్చె. కొడుకు బాబు కువైట్‌లో ఉండాడు. మొదటి ఆడబిడ్డ కాన్పులోనే దీప్తి సచ్చి బతికింది. మూడోదాని జోలికి పోతే మనిషి దక్కదని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఈమె చెవికెక్కితే గదా! మనవడు పుట్టేదాకా వదలనంటాది. కడుపు కోసి కాన్పు చేస్తాంటే, మేమిద్దరం బయట ఆ బోర్డు కిందనే కూచున్న్యాం.

నర్సు బిడ్డనెత్తుకోని వచ్చింది. "ఆడబిడ్డ, అవ్వా. నీ కోడలు లోపలికి పోకముందే ఇంక పిల్లలు పుట్టకుండా ఆపరేషనుకు సంతకం పెట్టింది. ఇప్పుడే చేసేస్తారు. నువ్వు గూడా ఊ అంటే..."

"ఎవర్నడిగి పెట్టిందే? నా కొడుకునడిగిందా? నన్నడిగిందా?" ఆ అరుపుకు వరండా అంతా తిరిగి చూసె. ఈ మొండిది వద్దంటే, ఆ నర్సు ఇనేట్టే ఉండాది. మూడో కాన్పుకు దీప్తి ఉండదు. నేను బోర్డు తిక్కు చూసినా. ఆమె గూడా చూసింది. చూసి, కూలబడింది.

"పోనీ, ఫోను చేసి నీ కొడుకునన్నా అడగమంటావా?" అనింది నర్సు.

ఆ మాటకు వెంకటమ్మక్క దిగ్గున లేసింది. "ఎందుకూ? వాడూ క్వార్టరు అడుగుతాడా? దాని కడుపు, అది సంతకం పెట్టింది. కందకు లేని దుల కత్తిపీటకెందుకే? నా కాడికెందుకొచ్చినావు, నేనేమన్నా తొండూరు మొగున్నా? పో లోపలికి!"

నర్సు బిడ్డను ఆమె చేతుల్లో పెట్టి బిర్నా పోయింది.

"మనవడు పాయనే ఫిర్దోసూ" అని వెంకటమ్మక్క ఆ ఆడబిడ్డను గట్టిగా హత్తుకోని ఏడ్చింది.