రూతమ్మ మీద చాలెంజి

1962 ఫిబ్రవరిలో జరిగిన సాధారణ ఎన్నికలకు నన్ను ప్రిసైడింగ్ ఆఫీసరుగా వేస్తూ ఉత్తర్వు వచ్చినప్పుడు నేను తాలూకా కచేరిలో అప్పర్ డివిజన్ గుమాస్తాను. నాకిచ్చిన పోలింగ్ స్టేషను విడవలూరుకు తూర్పున, సముద్రపు హోరు వినిపించేంత దూరంలో ఉన్న ఒక క్రైస్తవ పాలెంలోని మిషన్ బడి. ప్రిసైడింగ్ ఆఫీసరంటే ఆ ఒక్క రోజుకు, ఆ ఒక్క గదికి సర్వాధికారి. ఏ తప్పు జరిగినా జవాబు చెప్పుకోవలసినవాడు కూడా అతనే.

అంతకుముందు ఎన్నికల్లో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె ఉండేది. నచ్చిన గుర్తున్న పెట్టెలో చీటీ వేస్తే సరిపోయేది. ఈసారి గుర్తులన్నీ ఒకే చీటీ మీద అచ్చువేసి, కావలసినదాని మీద ముద్ర కొట్టమన్నారు. ఈ పద్ధతి ఓటర్లకు ఎంత కొత్తో మాకూ అంతే కొత్త. పాత చిత్తు కాగితాల మీద గుర్తులు గీసుకుని, మడతపెట్టడం ఎలాగో కచేరిలో మేమే సాధన చేశాం. పోలింగుకు ముందురోజు పెట్టెలు, సిరా, లక్క ఎడ్లబండిలో వేసుకుని సరుగుడు తోపుల మధ్య ఇసుకబాటన బయలుదేరాం. బండి కన్నా మేము నడిచిందే ఎక్కువ. అయినా ఆ ప్రయాణం తలచుకుంటే ఇప్పటికీ హాయిగా ఉంటుంది. లక్క కాలిన వాసన ఎక్కడ తగిలినా ఆ బాటే కళ్ల ముందుకు వస్తుంది.

మేము చేరేసరికి ఒకామె బడి ఊడుస్తోంది. తెల్లచీర, చంకలో గుడ్డసంచి, అందులో బైబిలు. పేరు రూతమ్మ. పాలేనికి ఆమె బైబిలమ్మ. ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించడం ఆమె పని. చదువు పెద్దయ్యాక గుడిలోనే, అంటే చర్చిలోనే, నేర్చుకున్నదట. కాసేపటికి ఆమె కొడుకు శామ్యూలు వచ్చాడు. పాతికేళ్లుంటాయి, రోజుకూలీ. ఒక అభ్యర్థి తరఫున పోలింగ్ ఏజెంటుగా నియామకపు కాగితం తెచ్చి నాకు చూపించాడు. ఏజెంటంటే అభ్యర్థి మనిషిగా గదిలో కూర్చుని, వచ్చినవాడు అసలు ఓటరేనా కాదా అని కనిపెట్టేవాడు.

ఆ కాగితం చూడగానే రూతమ్మ చీపురు ఆపింది.

“సారా అంగళ్లు తెరిపిస్తానన్నోడి తరఫునా రా నువ్వు కూర్చునేది?” అంది.

“బంజరు పంచిపెడతానన్నోడి తరఫునమా.”

ఆ నియోజకవర్గంలో పాలెం ముందున్న ప్రశ్న అదే. పోటీ ఇద్దరి మధ్య. ఒకాయన పెద్ద రైతు. మద్య నిషేధం ఉండితీరాలన్నవాడు. గుడికి పెంకులు వేయించాడు, కూలి పెంచమంటే మాత్రం వినిపించుకోడు. రెండో ఆయన సముద్రం వైపు బంజరు భూమిని కూలివాళ్లకు పంచాలన్నాడు. నిషేధం ఎత్తేసి సారా ఆదాయం సర్కారుకు రావాలని కూడా అన్నాడు. గుడిలో పాస్టరుగారు ఎవరి పేరూ చెప్పలేదట. మీ మనస్సాక్షి మీకు చెబుతుందని మాత్రం అన్నారట. మనస్సాక్షి ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చెప్పింది.

“మీ నాయన ఎట్టా పోయినాడో మరిచినావా?” అంది రూతమ్మ. ఆమె భర్త సరుగుడు తోపుల్లో దొంగచాటుగా కాచిన సారా తాగి, ముందు చూపు పోగొట్టుకుని, తరవాత ప్రాణం పోగొట్టుకున్నాడు.

“మరవలేదు. నిషేధం ఉండంగానే కదా పోయినాడు. ఏం ఆపింది అది? రోజంతా ఒకడి చేలో వంగి, సాయంత్రం ఉత్త చేతుల్తో వచ్చేవాడు తాగక ఏం చేస్తాడు? అరెకరా ఉండుంటే మా నాయన తాగేవాడా?”

“దొంగతనంగా దొరికితే పదిమందిలో ఇద్దరు తాగుతారు అబ్బయా. అంగడి పెడితే పదిమందీ తాగుతారు. తాగినోడి చేతిలో అరెకరా ఎన్నాళ్లు నిలుస్తాది?”

ఇద్దరి మాటా నాకు సబబుగానే తోచింది. నేను కల్పించుకోలేదు. ఆ రోజుకు నాకు అభిప్రాయాలు ఉండకూడదు.

మర్నాడు ఎనిమిదికి పోలింగు మొదలైంది. ఖాళీ పెట్టె ఏజెంట్లకు చూపించి, కాగితపు సీలు మీద సంతకాలు తీసుకుని మూత వేశాను. ఆడవాళ్ల వరసలో ఆరో మనిషి మరియమ్మ అనే ముసలామె. జాబితాలో ఆ వరస సంఖ్య దగ్గర పోలమ్మ అని ఉంది. శామ్యూలు చొక్కా జేబులోంచి ఒక కాగితం తీసి, తలెత్తకుండా, “చాలెంజి చేస్తుండానండీ” అన్నాడు.

సంగతి నాకు అర్థమైంది. కరణం ఏ పాతలెక్కలోంచో ఎత్తిరాసినందువల్ల ఓటర్ల జాబితాలో సగంమంది బాప్తిస్మానికి ముందు పేర్లతోనే ఉన్నారు. ప్రార్థనకూటం ఆడవాళ్లంతా నిషేధానికే ఓటేస్తారని శామ్యూలు పక్షంవాళ్లు అంచనా వేసి, పేర్లు కలవనివాళ్ల పట్టీ రాసి అతని చేతికిచ్చారు. ఓటరు గుర్తింపు మీద అనుమానం ఉంటే ఏజెంటు రుసుము కట్టి ఆక్షేపించవచ్చు. దాన్నే చాలెంజి అంటారు. అప్పుడు ప్రిసైడింగ్ ఆఫీసరు అక్కడికక్కడ విచారించాలి. అబద్ధం చెబితే శిక్ష పడుతుందని ఓటరును హెచ్చరించి, జాబితాలోని పేరు చదివి, ఆ మనిషివి నువ్వేనా అని అడగాలి. కాదంటే ఓటు లేదు.

నేను మరియమ్మను అడిగే ముందు శామ్యూలును అడిగాను, ఈమె ఎవరో నీకు తెలుసా అని.

ముసలామె వైపు చూసి అన్నాడు, “తెలుసండీ. మా పెద్దమ్మ.”

“ఈ పాలెం మనిషేనా? జాబితాలో ఉన్న ఇంటి మనిషేనా?”

“అవునండీ.”

పేరు అచ్చులో ఎలా ఉన్నా మనిషి ఆమే అని తేలితే ఓటు ఇవ్వాల్సిందే. చాలెంజి కొట్టేసి చీటీ ఇచ్చాను. అంతటితో అతను పట్టీ మడిచి పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. గుమ్మంలోకి తల్లి వచ్చింది. ఆమె వరస సంఖ్య దగ్గర అంకమ్మ అని ఉంది. శామ్యూలు ఆ కాగితం వైపూ తల్లి వైపూ చూశాడు. నోరు విప్పలేదు. ఈసారి లేచింది అవతల పెద్ద రైతు తరఫున కూర్చున్న ఏజెంటు. అతనికి కోపమో, వేళాకోళమో తెలియదు. “ఈమె పేరూ కలవలేదు కదండీ. వాళ్లమ్మ కాబట్టి నోరు మూసుకున్నాడు. నేను చేస్తుండా చాలెంజి” అన్నాడు. తమ పక్షానికి రావలసిన ఓటును తానే ఆపుతున్నాడని అతనికి తట్టలేదు.

నియమం ప్రకారం హెచ్చరిక చదివి, “నువ్వు అంకమ్మవేనా?” అని అడిగాను.

“కాదు సామీ” అంది.

అవునంటే చాలని మెల్లగా చెప్పి, మళ్లీ అడిగాను.

“అంకమ్మ పోయి ముప్పై ఏళ్లయింది. ఏట్లో మునిగి లేచినప్పుడే ఆమె పోయింది. నేను రూతమ్మని. నా దేవుడి ముందర ఒక పేరూ మీ ముందర ఒక పేరూ చెప్పలేను. ఓటు లేదంటే పోతా.”

అని నిజంగానే వెనక్కి తిరిగింది. నిషేధానికి ఓటేయమని ఆమె పదిహేను రోజులు ఇల్లిల్లూ తిరిగిందని నాకప్పటికి తెలుసు.

శామ్యూలు బల్ల మీది నుంచి లేచాడు. “పోమాకమా” అన్నాడు. నా వైపు తిరిగి, “ఆమేనండీ. బాప్తిస్మానికి ముందు అంకమ్మ. ఆ ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నేను ఆమె కొడుకుని. యాడ సంతకం పెట్టమంటే ఆడ పెడతా” అన్నాడు.

నేను ఆమెను మూడోసారి పేరు అడగలేదు. ఈ ఇంటి నంబరులో, ఫలానావాడి భార్యగా నమోదైన మనిషివి నువ్వేనా అని అడిగాను. అవునంది. చాలెంజి ఓట్ల పట్టికలో ఆమె చేత రూతమ్మ అనే సంతకం చేయించాను. నా నిర్ణయం రాసి చీటీ ఇచ్చాను. ఆమె గోనెపట్టా తెర వెనక్కి వెళ్లి, మామూలుకంటే ఎక్కువసేపే ఉండి వచ్చింది. శామ్యూలు తన పట్టీని చింపి జేబులో వేసుకున్నాడు. సాయంత్రం దాకా ఇంకెవరినీ ఆక్షేపించలేదు. అతని పక్షంవాళ్లు తరవాత అతన్ని దగ్గరికి రానివ్వలేదని విన్నాను.

పెట్టెలకు లక్కసీలు వేసి బయలుదేరుతుంటే రూతమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చింది. “సామీ, తెర ఎనక నిలబడితే నా కొడుకు మాటే చెవిలో మోగింది. ముద్ర ఎవురికి కొట్టినానంటే...” అని మొదలుపెట్టింది. చెప్పొద్దన్నాను. అది చెప్పకుండా ఉండటమే ఆ తెరకు అర్థమన్నాను. ఆమె నవ్వి ఊరుకుంది. వినకపోవడం నా ధర్మం. వినాలనిపించిన మాట మాత్రం నిజం.

ఆ దశాబ్దం ముగిసేలోగా రెండూ వచ్చాయి. బంజరులో కొంత పాలేనికి పంచారు. శామ్యూలుకూ ముక్క దక్కింది, వేరుశనగ వేశాడు. తరవాత నిషేధం పోయి సారా అంగడీ వచ్చింది. అప్పటికి నేను డిప్యూటీ తహసీల్దారును. అంగడిని గుడి దగ్గరినుంచి తీసేయాలని పాలెంవాళ్లు అర్జీ తెచ్చారు. మొదటి సంతకం శామ్యూలుది. అంగడిని తీసేయలేదు కానీ రోడ్డు దాకా జరిపించగలిగాను.

తరవాత చాలా ఏళ్లు ఎన్నికల శిక్షణ తరగతుల్లో నేను పాఠం చెప్పాను. గుర్తింపు మీద చాలెంజి వస్తే ఓటరును ప్రశ్నించే ముందు, చాలెంజి చేసినవాణ్ణి ఆ మనిషి నీకు తెలుసా అని అడగమని చెప్పేవాణ్ణి. చాలా చాలెంజీలు అక్కడే తేలిపోతాయి. ఫలానా మతంవాళ్ల ఓట్లు గంపగుత్తగా ఫలానా పక్కకే పడతాయని ఎవరైనా ధీమాగా అంటే మాత్రం నేనెప్పుడూ అవుననలేదు. ఒక గుడిసెలోని రెండు ఓట్లు ఎటు పడ్డాయో, రోజంతా ఎదురుగా కూర్చుని కూడా నేను చెప్పలేకపోయాను.