గోటి మీది ఎర్రరంగు

కామాటిపురాలో మేముండే ఇరుకుగదుల చాల్ భవనంలో, కింది గదిలో ఒక పెద్దమ్మ ఉండేది. ఒక వానాకాలం వాంతుల రోగమొచ్చి ఆమె పిల్లికూనలు మూడూ చచ్చిపోయాయి. అప్పటినుంచి పుట్టిన ప్రతి కూననూ కూరగాయల సంచిలో పెట్టుకుని, పశువుల ఆసుపత్రికి నడిచి వెళ్లి టీకా వేయించేది.

"రెండో సూది పడకుంటే మొదటిది దండుగ" అనేది. మా పిల్లల టీకా తేదీలు మేం మరిచిపోయాం గానీ, కూనల తేదీలు ఆమె ఒక్కటీ మరవలేదు. రెండు సూదులూ పడ్డాకే, పోలియో చుక్కలు వేసిన పిల్లల వేలికి గుర్తు పెట్టినట్టు, కూన ముందరికాలి గోటికి ఎర్రరంగు పూసేది.

ఏళ్ల తరబడి సిమెంటు కలిపిన ఆమె గోళ్లు మాత్రం బోసిగానే ఉండేవి.

"నువ్వు గూడ జర పూసుకో పెద్దమ్మా" అన్నానొకసారి.

రంగుసీసా మూత బిగిస్తూ నవ్వింది.

"నాకెవ్వరేయించిండ్రు బిడ్డా, సూది?"