క్యాచరు పౌలురాజు కాంట్రాక్టు

దిల్షాద్ గార్డెన్‌లో పౌలురాజు గారి ఇంటి హాల్లో, బైబిలు వాక్యాల కేలండరు పక్కన, పాత పేపరు కటింగు ఒకటి ఫ్రేము కట్టి ఉంటుంది. అందులో ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముఖానికి ఇనుప ఊచల ముసుగు, ఛాతీకి తాబేటి డిప్పలాంటి కవచం, ఎడమచేతికి బుట్టంత తోలు గ్లౌజు. మనిషి నలుపో తెలుపో, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఏమీ తెలియదు. ఆ మనిషి తనేనని పౌలురాజు గారు దాదాపు నలభై ఏళ్ళుగా చెబుతూ వస్తున్నారు. వచ్చినవాళ్ళు కాఫీ తాగుతూ ఫొటో వంక చూస్తారు, ఆయన వంక చూస్తారు, మళ్ళీ ఫొటో వంక చూసి "అచ్ఛా" అంటారు. ఆ అచ్ఛాలో నమ్మకం ఎండాకాలం కుళాయిలో నీళ్ళలా సన్నగా, ఆగి ఆగి వస్తుంది.

"ఎవరైనా కావచ్చు" అంటుంది ఆయన భార్య సరళకుమారి, బిస్కెట్ల ప్లేటు పెడుతూ. "నాకైతే వెల్డింగు చేసేవాడిలా ఉన్నాడు."

బేస్‌బాల్ అంటే పెద్ద చిక్కేమీ లేదు. ఒకడు బంతి విసురుతాడు. ఒకడు గుండ్రటి కర్రతో కొట్టబోతాడు. వాడి వెనకాల గొంతుక్కూర్చున్నవాడు, తప్పిపోయిన బంతిని పట్టుకుంటాడు. అతనే క్యాచరు. ఏ బంతి వెయ్యాలో విసిరేవాడికి చెప్పేదీ అతనే. అవతలి జట్టు కంటపడకుండా, తొడల మధ్య వేళ్ళు చూపించి చెబుతాడు. మైదానంలో అందరూ నిలబడి ఆకాశం చూస్తుంటే, అతనొక్కడే నేలకి దగ్గరగా, దుమ్ముతో గుసగుసలాడుతున్నట్టు ఉంటాడు.

బాపట్ల కాలేజీలో ఆ ఆట నేర్చుకున్న పౌలురాజుని, ఆటగాళ్ళ కోటాలో ఢిల్లీలోని ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయం గుమాస్తాగా తీసుకుంది. వచ్చిన మొదటి చలికాలమే బంతి తగిలి కుడిచేతి చూపుడువేలు విరిగింది. హాస్పిటల్లో కట్టు కట్టింది చీరాల నుంచి నర్సింగు చదవడానికి వచ్చిన సరళకుమారి. వేలు వంకరగా అతుక్కుంది. పక్కవేలి మీద అలిగి ముఖం తిప్పుకున్నట్టు ఇప్పటికీ అలాగే ఉంటుంది.

"నేను కట్టు బాగానే కట్టాను. ఈ మహానుభావుడే విప్పేసి మ్యాచికి పోయాడు" అని ఆవిడ వాదన.

"మళ్ళీ కట్టించుకోడానికే విప్పాను" అని ఆయన వాదన. ఆ వాదన తేలకముందే పెళ్ళయింది.

రెండేళ్ళు తిరక్కుండానే కార్యాలయం జట్టుని రద్దు చేసింది. బ్యాట్లని కోతుల్ని తోలడానికి కాపలావాళ్ళకి ఇచ్చేశారు. ఉద్యోగం మాత్రం ఎవరూ తీసెయ్యలేదు. పౌలురాజు గారు పదవీ విరమణ దాకా డిస్పాచ్ సెక్షన్లో కవర్లు అతికించారు. అప్పుడప్పుడు కిటికీ అవతల ఒక కోతి, ఒక బ్యాటు ఎదురెదురుగా కనబడేవి. ఆయన తల తిప్పుకునేవారు.

ఆటలోంచి ఆయనకు మిగిలింది వేళ్ళ భాష ఒక్కటే. వాళ్ళ తెలుగు చర్చిలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు కూర్చుంటారు. మధ్యన నడవ. ఆరాధన జరుగుతుండగా అటునుంచి ఇటు మాట చేరదు. అందుకని పౌలురాజు గారు మోకాళ్ళ మధ్య వేళ్ళు చూపిస్తారు. ఒక వేలంటే, ఇక బయల్దేరదాం. రెండు వేళ్ళంటే, ఎవరినో భోజనానికి పిలిచాను, తిట్టకు. మూడు వేళ్ళంటే, చిక్కుకుపోయాను, వచ్చి విడిపించు. మూడో సైగ ఎక్కువగా సంఘపెద్ద త్యాగరాజు గారి కోసం. ఆయన ఎదటివాళ్ళ చొక్కా గుండీ పట్టుకుని తన గాల్ బ్లాడర్ ఆపరేషను మొదటినుంచీ చెబుతారు. సరళకుమారి సైగ చూసి కూడా కాసేపు చూడనట్టుంటుంది. గాల్ బ్లాడర్ బయటికి తీసే ఘట్టం దాకా ఆగి, అప్పుడు వస్తుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, గురుగ్రామ్‌లో ఉద్యోగం చేసే కూతురు కెరెన్ ఫోను చూస్తూ పగలబడి నవ్వింది.

"డాడీ, యే దేఖో. అమెరికాలో మీ బేస్‌బాల్ వాళ్ళ కాంట్రాక్టులు. వేల కోట్లు! కొంతమందికి రిటైరయ్యాక కూడా ఏటా వస్తూనే ఉంటాయంట."

"ఆట మానేసినా?"

"హా డాడీ. ఇంట్లో కూర్చున్నా."

పౌలురాజు గారు పెరుగన్నం కంచం పక్కన పెట్టి కాలరు సర్దుకున్నారు. "మరి నాదీ అలాంటిదేగా! రెండేళ్ళు ఆడాను. ముప్పై ఏళ్ళు దాటి జీతమిచ్చారు. ఇప్పుడు పింఛను. నేను పోయాక మీ అమ్మకి సగం. ఆ అమెరికావాళ్ళ పెళ్ళాలకి సగం వస్తుందా, చెప్పు?"

"వాళ్ళకి ముందే వచ్చేస్తుంది డాడీ. డివోర్సులో."

సరళకుమారి చెంబు కింద పెట్టేసి మరీ నవ్వింది. ఆయనా నవ్వారు. తరవాత బాల్కనీలోకి వెళ్ళి కూర్చున్నారు. కింద ఎవరో ఆరేసిన దుప్పట్లు గాలికి పొంగి, ఎక్కడికో పోదామని బయల్దేరి, మళ్ళీ ఆగిపోతున్నాయి. సరళకుమారి వెనకే రాగానే ఆయన అన్నారు.

"సరళా, జీతమిచ్చింది కవర్లకి. బేస్‌బాల్‌కని ఒక్క రూపాయి ఎవరూ ఇవ్వలేదు. బేస్‌బాల్ అని రాసిన కాయితం మీద ఒక్కసారి సంతకం పెడితే బావుండేది."

ఆవిడ లోపలికెళ్ళి టీ కలిపింది. ఆయన టీలో చక్కెర ఇంకో చెంచా వేసింది. షుగరున్న మనిషికి నర్సు చేత్తో అదనపు చెంచా పడిందంటే, మాట ఎక్కడ తగిలిందో తెలుస్తూనే ఉంది.

మర్నాడు కెరెన్ ఆఫీసులో జశ్వంత్‌తో మాట్లాడింది. కరీంనగర్ కుర్రవాడు, సాఫ్ట్‌వేరు. అమెరికా నుంచి తిరిగొచ్చిన కుటుంబాల పిల్లలకి గురుగ్రామ్‌లో శనివారాలు బేస్‌బాల్ క్లాసులు మొదలుపెట్టాడు. విసరడం యూట్యూబులో నేర్చుకున్నాడు గాని, పట్టడం చెప్పేవాళ్ళు దొరకలేదు. అశోకా రోడ్డు దగ్గర ఆంధ్రా భోజనం పెట్టేచోట కలుద్దామన్నాడు.

"అంకుల్, మీరు మస్తు ఆడిండ్రంట గద!" అన్నాడు గోంగూర కలుపుకుంటూ. "ఫొటో ఏమన్నా ఉందా? పిల్లల తల్లిదండ్రులకు చూపెట్టాలె."

పౌలురాజు గారు సంచీలోంచి ఫ్రేము బయటికి తీశారు. గోడ మీంచి దించి, తువ్వాలులో చుట్టి, మెట్రోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు.

జశ్వంత్ ఎడమచేత్తో పట్టుకుని చూశాడు. "మంచిగుంది. ఇండ్ల మీరెక్కడ?"

"అదే నేను."

"మొఖం కనబడ్తలేదు గద అంకుల్."

పౌలురాజు గారు పప్పు అంటిన కుడిచెయ్యి పైకెత్తారు. చూపుడువేలు పక్కకి తిరిగి ఉంది. జశ్వంత్ ఆ వేలినీ, ఫొటోలో మోకాలి మీద ఆనించిన చేతినీ మార్చి మార్చి చూశాడు. నమ్మాడో, జాలిపడ్డాడో. "ఒక పని చెయ్యిండ్రి. శనివారం అచ్చి పిల్లల ముంగట కూసొని పట్టి చూపెట్టుండ్రి. పేరెంట్స్‌కు నచ్చితే కాంట్రాక్టు రాసుకుందాం."

కాంట్రాక్టు. ఆ మాట పౌలురాజు గారి చెవిలో పడి, లోపలికంటా వెళ్ళి, దీపం ముట్టించుకుని కూర్చుంది. పెరుగు రెండోసారి అడిగి వేయించుకున్నారు.

చిక్కల్లా మోకాళ్ళతో. గొంతుక్కూర్చోవద్దని డాక్టరు ఎప్పుడో చెప్పాడు.

"కూర్చోగలరు సరే. లేవడం?" అంది సరళకుమారి.

"లేవడం ఆటలో భాగం కాదు" అన్నారు ఆయన.

శనివారం పొద్దున పొగమంచు ఆలస్యంగా విడిపోయింది. గురుగ్రామ్‌లో ఒక స్కూలు మైదానం మీద ఎండ పలచటి మజ్జిగలా పరుచుకుంది. ఒక పక్క ప్లాస్టిక్ కుర్చీల్లో తల్లులు కమలాపళ్ళు వలుస్తున్నారు. వాళ్ళ మధ్య సరళకుమారి, కెరెన్ కూర్చున్నారు. తండ్రులు ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. పౌలురాజు గారు అద్దెకి తెచ్చిన ముసుగు తొడుక్కుని, ఒక్కొక్క మోకాలినీ బతిమాలుకుంటూ కూర్చున్నారు.

జశ్వంత్ విసిరాడు. బంతి గ్లౌజులో పడ్డ చప్పుడుకి కరెంటు తీగ మీద పావురాళ్ళు లేచాయి. ఆ చప్పుడు ఆయన విని చాలా కాలమైంది. ఏళ్ళ కింద మూసిన తలుపు ఎవరో ఒక్క తోపుతో తెరిచినట్టుంది. ఇంకోటి పట్టారు. పక్కకి పోయే బంతిని ఒంగి అందుకున్నారు. ముసుగు వెనకాల పౌలురాజు గారికి ఇరవై మూడేళ్ళు. చప్పట్లు మోగాయి.

"సూపర్ అంకుల్! ఇగ లేవుండ్రి" అన్నాడు జశ్వంత్.

ఇరవై మూడేళ్ళాయన లేవబోయారు. అరవై దాటిన మోకాళ్ళు ఒప్పుకోలేదు.

కెమెరాలన్నీ ఆయన మీదే ఉన్నాయి. ఇప్పుడు పడితే కాంట్రాక్టు కూడా పడిపోతుంది. పౌలురాజు గారు గొంతు సవరించుకుని హిందీలో ఉపన్యాసం మొదలుపెట్టారు. క్యాచరుకి ఓర్పు ముఖ్యమన్నారు. తొందరపడి లేచేవాడు క్యాచరు కాడన్నారు. భూమిని చూసి నేర్చుకోమన్నారు. త్యాగరాజు గారిని ఇన్నేళ్ళు వినడం వృథా పోలేదు. మాటలు సాగుతూనే ఉన్నాయి. పిల్లలు భక్తిగా వింటున్నారు. ఆయన తొడల మధ్య మూడు వేళ్ళు మాత్రం, ఒకటి వంకరగా, కుర్చీల వైపు తిరిగి ఉన్నాయి.

సరళకుమారి చూసింది. చూసి, చేతిలో ఉన్న కమలా తొనలు నింపాదిగా తినడం పూర్తిచేసింది. తరవాత శాలువా సర్దుకుని మైదానం మీద నడుచుకుంటూ వచ్చింది.

"క్యా హువా ఆంటీ?" అంది ఒక పిల్ల.

"కుఛ్ నహీ బేటా, డ్రిల్ హై. క్యాచరుని లేపే డ్రిల్." ఆవిడ వెనక నుంచి చంకల కింద చేతులు వేసింది. వార్డులో ఎందరినో లేపిన చేతులు. చెవి దగ్గర మెల్లగా అంది, "మోకాళ్ళు దగ్గరికి పెట్టండి. నా మీద వాలండి. సిగ్గుపడకండి, ముసుగుంది కదా."

పౌలురాజు గారు లేచారు. పిల్లలు కేకలు పెట్టారు. వెంటనే ఇద్దరిద్దరు జతకట్టి, ఒకళ్ళు గొంతుక్కూర్చోవడం, ఒకళ్ళు లేపడం మొదలెట్టారు. ఇంత బాగా కలిసి ఆడటం తామెన్నడూ చూడలేదని తండ్రులు మెచ్చుకున్నారు.

జశ్వంత్ కాయితాలు తెచ్చాడు. మొదటి పేజీలోనే బేస్‌బాల్ అని ఉంది. పౌలురాజు గారు ఆ మాట మీద వేలు పెట్టి, తియ్యలేదు. సరళకుమారి కళ్ళద్దాలు పెట్టుకుని ఆసాంతం చదివింది.

"పట్టేవాళ్ళ సంగతి రాశావు బాబూ. లేపేవాళ్ళ సంగతి లేదే?"

"ఆంటీ, అది..."

"వారం వారం ఈయన్ని ఎవరు లేపుతారు? పిల్లల వేళ్ళు విరిగితే ఎవరు కడతారు?"

"అమ్మా, నువ్వు కట్టిన వేలు ఎలా ఉందో చూశాం" అంది కెరెన్.

"విప్పకుండా ఉంచుకుంటే బాగానే ఉంటుంది. నోరు మూసుకో."

జశ్వంత్ ఇంకో పేరా రాశాడు. ప్రథమ చికిత్సకి అనుభవం ఉన్న నర్సు దొరకడం కష్టం కాబట్టి, ఆవిడకి క్లాసుకి ఆయనకన్నా రెండొందలు ఎక్కువ పడింది. పౌలురాజు గారు ఆ అంకె చూశారు, భార్యని చూశారు.

"అమెరికాలో సగమే పట్టుకెళ్తారు" అన్నారు, సంతకం పెడుతూ.

ఇప్పుడు హాల్లో పేపరు కటింగు పక్కన ఇంకో ఫ్రేము ఉంది. ఆ రోజు కెరెన్ తీసిన ఫొటో. కింద కాంట్రాక్టు మొదటి పేజీ జిరాక్సు అతికించారు. ఫొటోలో ఒక పెద్దావిడ ఎవరినో లేపుతోంది. గాలికి ఎగిరిన ఆవిడ శాలువా కొంగు లేచేవాడి ముసుగు మీద నిండుగా పరుచుకుంది. వచ్చినవాళ్ళు కాఫీ తాగుతూ అటు చూస్తారు.

"ఇందులో అంకుల్ ఎక్కడ?" అంటారు.

పౌలురాజు గారు సోఫాలో కూర్చుని, మోకాళ్ళ మధ్య మూడు వేళ్ళు చూపిస్తారు. వంటింటి గుమ్మంలోంచి సరళకుమారి చూస్తుంది. ఈసారి వెంటనే వస్తుంది.

"ఆ శాలువా కింద ఉన్నది ఈయనే" అంటుంది. "బరువు మోసినదాన్ని, నాకు తెలీదూ?"