బోర్డు మీది మొహం

చింతామణి బజారులో నాగరాజ గాజుల అంగడికి వెనక ఒక ఇరుకు గది ఉంది. అందులో గాజుల పెట్టెలు, బొట్టుబిళ్ళల అట్టలు, వాటి మధ్య వనజమ్మ. నాగరాజకు ఆమె వదిన, పోయిన అన్న భార్య. సరుకు విప్పడం, సైజుల ప్రకారం సర్దడం, పగిలిన గాజులు ఏరెయ్యడం ఆమె పని. ముందుకొచ్చి కూర్చునే పని మాత్రం లేదు. పెళ్ళికూతుళ్ళు గాజులు వేయించుకోవడానికి వచ్చే అంగడి కదా, బొట్టు లేని మనిషి ఎదురొస్తే ఎవరేమంటారోనని నాగరాజ భయం. ఎవరూ ఏమీ అనకముందే భయపడి కూర్చున్నాడు మహానుభావుడు. కాలం మారిందని ఊరంతా చెప్పుకుంటుంది. ఆ గదిలోకి వచ్చి చెప్పినవాళ్ళు మాత్రం లేరు.

ఆ గదిలోకి ట్యాబ్ తెచ్చింది నాగరాజ కూతురు నయన. కాలేజీ పిల్ల.

"పెద్దమ్మా, నువ్వు ముగ్గేస్తే కొలిచినట్లు ఉంటాది. దీంట్లో గీసి చూడు" అని ప్లాస్టిక్ పెన్ను చేతిలో పెట్టింది.

వనజమ్మ చేయి నేల మీద తిరిగినట్టు ఆ నున్నటి గాజు మీద తిరగలేదు. గీత జారిపోయింది. అరచేయి ఆనిన చోటల్లా మరకలు పడ్డాయి. నయన రెండు వేళ్ళతో తెరను తట్టింది. మరకలతో పాటు గీత కూడా మాయమైంది. వనజమ్మ ఉలిక్కిపడింది.

"అయ్యో, యాడికి పోయ?"

"యాడికీ పోలేదు. మూడు వేళ్ళతో తట్టు, మళ్ళీ వస్తాది."

తట్టింది. వచ్చింది. తప్పు చేసినా తిట్లు పడని చోటు ఒకటి ఉందని ఆమెకు ఆ వయసులో తెలిసింది. ఇక ఆ ట్యాబ్‌ను వదిలితే ఒట్టు.

తర్వాత పొరల పాఠం. ఫొటో ఒక పొర, దాని మీద గీత ఇంకో పొర, నగలు ఆ పై పొర. దేనికది విడి. పక్కనున్న కన్ను గుర్తును తాకితే ఆ పొర ఒక్కటే కనపడకుండా పోతుంది. కొత్తవాళ్ళు ఫొటో మీద గీసుకుంటూ పోతే చేయి కుదురుతుందని చెప్పి, నయన అక్కడికక్కడే పెద్దమ్మను ఫొటో తీసి అడుగున పెట్టింది. కళ్ళు కుదరక, ముక్కు కుదరక, చెరిపి చెరిపి గీసి, చివరికి వనజమ్మ ఒక మొహం, దాని కింద రెండు చేతులు నిలబెట్టింది.

ఆ రోజుల్లోనే నాగరాజకు కొత్త బోర్డు కావాల్సి వచ్చింది. ఫ్లెక్సు అంగడివాడు చూపించిన బొమ్మలన్నీ బజారులో ఇంతకుముందే వేలాడుతున్నాయి. "పెద్దమ్మ గీస్తాది నాయనా" అంది నయన. వనజమ్మ తను నేర్చుకోవడానికి గీసుకున్న మొహాన్నే తీసుకుంది. కొత్త పొర తెరిచి నుదుట ఎర్రటి బొట్టు, ముక్కుపుడక, కమ్మలు, చేతుల నిండా గాజులు గీసింది. అడుగున ఉన్న ఫొటోను తీసేసింది. తెర మీద ఎవరో ఆడమనిషి నవ్వుతోంది. ఎవరో బాగుందే అనుకుంది వనజమ్మ. నిజంగానే ఎవరో అనుకుంది. నాగరాజ కూడా మెచ్చుకుని ఫ్లెక్సుకు పంపాడు.

బోర్డు కట్టిన పొద్దున, ఎదురుగా పూలమ్మే హనుమక్క తలెత్తి చూసి బుట్ట కింద పెట్టేసింది.

"ఓరి దేవుడా! మా వనజమ్మ కదా ఇది! పెండ్లయి ఈ బజారుకు వచ్చినప్పుడు అచ్చం ఇట్లే ఉండె!"

నలుగురు ఆగారు. వనజమ్మ బయటికొచ్చి చూసింది. అది తనే. భర్త పోయిన ఈ ఎనిమిదేళ్ళుగా అద్దంలో కనపడని తను, అంగడి నెత్తిన, బొట్టుతో, బజారునంతా చూసి నవ్వుతోంది. తన మొహాన్ని తనే గుర్తుపట్టలేకపోయిందన్న సంగతి ఆమెను ఎక్కువ భయపెట్టింది.

నాగరాజ ఆగినవాళ్ళ మొహాలు చూశాడు. వదినను లోపలి గదిలోకి పిలిచాడు.

"ఏం పని వదినా ఇది?"

"నేనే అని నాకే తెలీలేదప్పా."

అబద్ధమైతే కోప్పడి ఉండేవాడు. అది నిజమని తెలిసేసరికి కోపాన్ని ఫోన్ మీదికి మళ్ళించాడు. ఫ్లెక్సువాడికి ఫోన్ కలిపి, "ఇంకోటి కొట్టాల, ఉండు" అని, ట్యాబ్ ఆమె ముందుకు తోశాడు. "ఆ బొట్టు తీసెయ్ వదినా. ఒక్కసారి తాకితే పోతాది కదా."

భర్త పోయినప్పుడు ఆమె బొట్టు చుట్టూ చేరిన ఆడవాళ్ళు తీశారు. ఆమెను ఎవరూ అడగలేదు. ఇప్పుడు తన వేలితో తానే తీయాలి. వేలు కదల్లేదు.

ఓపిక పట్టలేక నాగరాజే ట్యాబ్ లాక్కుని, ఏ పొరదో చూడకుండా ఒక కన్ను గుర్తును పొడిచాడు. మొహం పోయింది. తెల్లటి తెర మీద బొట్టు, ముక్కుపుడక, కమ్మలు, గాజులు మాత్రం మిగిలాయి.

"అమ్మో!" అని ట్యాబ్ చేతుల్లోంచి జారవిడిచాడు. "మొహం యాడ వదినా? మొహం తెచ్చి పెట్టు!"

ఆమె తీసుకుని మొహాన్ని తెచ్చింది. తర్వాత అతనికి తెలియనిది ఒకటి నొక్కి, సేవ్ చేసి, ఇక రెండు వేళ్ళతో తట్టినా వెనక్కి పోకుండా మూసి మళ్ళీ తెరిచింది.

"ఏం చేస్తివి?"

"రెండు పొరలూ కలిపేస్తి. ఇంక బొట్టు విడిగా రాదు. తీయాలంటే నా మొహమంతా తీయాల్సిందే. నా చేత కాదు. నువ్వే తీసెయ్ అప్పా."

ఆమె అంత మాట మాట్లాడగా నాగరాజ ఎప్పుడూ వినలేదు. ట్యాబ్ వైపు చూశాడు. చేయి చాపాడు, వెనక్కి తీసుకున్నాడు. ఫోన్లో ఫ్లెక్సువాడు అరుస్తున్నాడు.

"ఏం మార్చాల అన్నా? చెప్పండి!"

నాగరాజ ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

"ఏమీ లేదప్పా. అట్లే ఉండనీ."