గంజి అతుకు

కొడుమూరులో మగ్గం నేసే చౌడేశ్వరి సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. అయినా బాపట్ల తీరంలోని ఒక హోటలువాళ్లు పంపిన గవ్వలతో ఇరవై గుమ్మం తోరణాలు కట్టింది. పోగుకు ముడి కనబడితే నేతకే తలవంపులని అత్త నేర్పింది గనక, దారపు ముక్కలను మగ్గం మీద చేసినట్టే గంజితో మెలిపెట్టి అతికించింది.

తోరణాలు పంపాల్సిన బస్సుకు గంట ఉందనగా, ముచ్చటకొద్దీ ఒకటి వంటింటి గుమ్మానికి తగిలించింది. ఉడుకుతున్న అన్నం ఆవిరికి అతుకులు జారి, గవ్వలు జలజలా రాలాయి.

"తక్కినవి గట్టిగానే ఉండాయి కదా, మూట కట్టు," అన్నాడు భర్త తిమ్మయ్య.

"ఈడ ఎండు గాలి కాబట్టి ఉండాయి. ఆడ గాలంతా తడేనంట. తగిలించిన దినమే రాలిపోతాయి!"

"గంటలో ఇరవై యాడ అయితాయి?"

చౌడేశ్వరి కత్తెర అందుకుని మొదటి అతుకు తెంచింది. గోడ మీది అత్త పటం వైపు ఒకసారి చూసి, పళ్లు బిగించి ముడి వేసింది.